ఆపరేషన్ పచ్చనూనె

దారియో చివరి ముద్ద మింగి, చాలా బాగుందని మెచ్చుకుని, బల్ల మీదికి వాలిపోయాడు. ఉరువాపాన్‌లో ఆ హోటల్‌కి మంచి పేరుంది కాబట్టి వెయిటర్లు కంగారు పడలేదు. కుర్రాడికి సారా ఎక్కువైందనుకున్నారు. భుజం పట్టి లేపబోతే ఒళ్ళు చల్లగా తగిలింది.

అతని ప్లేట్‌లో టమాటా, క్యారట్, మిరపకాయ కలిపి రోట్లో నూరిన పచ్చడి ఉంది. దాని మీద ధారగా పోసుకున్న అవకాడో నూనె ఇంకా మెరుస్తోంది. ఎదుటి కుర్చీలోని అందగత్తె కూడా అదే రోట్లో పచ్చడి తింది. లావైపోతానని నూనె మాత్రం పోసుకోలేదు. ఆమె బతికింది.

ఆ అందగత్తె పేరు మిరేయా సోలోర్సానో. రాజధాని నుంచి దారియోకి రక్షణగా వచ్చిన ఏజెంట్. రక్షణ ఎంత బాగా జరిగిందో చెప్పనక్కర్లేదు.

మర్నాడు రాగిపాత్రల దుకాణం వెనక గదిలో గూఢచారి శాఖ కర్నల్ మెహియా బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. ఆయన దగ్గర బ్రీఫింగ్ అంటే సగం తిట్లు. తిట్లు తినడానికి ఫిదెన్సియో ఉయిపే ఒక్కడే కూర్చున్నాడు.

పోలీసులు వచ్చేసరికి హోటల్‌వాళ్ళు రోలు, ప్లేట్లు కడిగేశారు. మిగిలింది నూనె సీసా. ల్యాబ్ రిపోర్ట్ నెగటివ్. పచ్చడిలో ఏమైనా ఉందా అంటే, మిరేయా కడుపునిండా తిని నిక్షేపంగా తిరుగుతోంది. అయితే దీని వెనక ఎవరున్నారో మాత్రం కర్నల్‌కి తెలుసు. సముద్రం అవతల గింజల నూనె అమ్ముకునే ముఠా ఒకటుంది. అవకాడో నూనె వచ్చాక వాళ్ళ సరుకు అడిగే నాథుడు లేడు. దారియో మీద జరిగింది రిహార్సల్. అసలు ప్రదర్శన ఆదివారం, తాన్సీతారో అవకాడో ఉత్సవంలో. అక్కడ డాక్టర్ ఒఫేలియా ఉయిపే తన పరిశోధన గురించి మాట్లాడి, కెమెరాల ముందు ఆ నూనె రుచి చూస్తుంది. ఆవిడ గనక స్టేజీ మీద కూలిపోతే, ఆ నూనెను ప్రపంచంలో ఇంకెవరూ ముట్టరు. ఆ కొండల మీది తోటలన్నీ వంటచెరకే.

దారియో ఆవిడ అసిస్టెంట్. ఫిదెన్సియో ఆవిడ తమ్ముడు.

"మీ అక్క అని తెలిసే నిన్ను పంపుతున్నా. నీ మీద నమ్మకం ఉండి కాదు," అన్నాడు కర్నల్. "వేరేవాళ్ళని పంపితే ఆవిడ గుమ్మం ఎక్కనివ్వదు."

"నన్ను మాత్రం ఎక్కనిస్తుందా?"

"అది నీ ఖర్మ."

ఆఫీసు అతనికి మూడు వస్తువులిచ్చింది. నూనెలో విషం ఉంటే ఎర్రగా వెలిగే పచ్చరాయి ఉంగరం ఒకటి. చొక్కా బొత్తాంలో ఒక వైర్‌లెస్. స్టేజీ మీద వాడబోయే నూనె డబ్బాకి ఒక ఉక్కు పెట్టె, దాన్ని మణికట్టుకి బిగించే సంకెల. స్నానానికి కూడా దాంతోనే వెళ్ళమన్నారు.

తాన్సీతారో తోట గేటు దగ్గర మిరేయా కారుకి ఆనుకుని నిలబడి ఉంది. నల్లకళ్ళద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్.

"ఈ ఏడు పూత ఎలా ఉంది?" అని అడిగింది.

"వడగళ్ళు పడకపోతే బాగానే ఉంటుంది," అన్నాడు ఫిదెన్సియో. కోడ్ సరిపోయింది. చూపులే సరిపోలేదు. కళ్ళెదుటే ఒక మనిషి చచ్చిపోతే ఆమె ఇంత తాజాగా ఎలా ఉందో అతనికి అర్థం కాలేదు, నచ్చనూ లేదు. తనూ ఇక్కడి పిల్లనేననీ, ఈ తోటల్లోనే అమ్మమ్మ తనని పెంచిందనీ మిరేయా చెప్పుకొచ్చింది.

తలుపు తీసిన ఒఫేలియా తమ్ముణ్ణి కింది నుంచి పైదాకా చూసింది. "పైపులు తెచ్చావా?"

ఇరవై ఏళ్ళు అతను ఇంట్లో చెప్పుకున్న ఉద్యోగం అది. తోటలకు నీటి పైపులు అమ్ముతున్నానని చెప్పేవాడు. తండ్రి నమ్మి, కొడుకు పైపులు పంపుతాడని ఒక వేసవంతా ఎదురుచూశాడు. పైపులూ రాలేదు, వానా రాలేదు. చెట్లు ఎండాయి. ఆ దిగులుతోనే ముసలాయన మంచం పట్టి పోయాడు. తమ్ముడి అసలు ఉద్యోగం ఏమిటో ఒఫేలియాకి ఆ తరవాత తెలిసింది. అందుకామె అతన్ని క్షమించలేదు. ఆ విషయంలో అతనూ తనని తాను క్షమించుకోలేదు, కానీ ఆ మాట చెబితే ఆమె నమ్మదు.

ప్రమాదం సంగతి వివరిస్తే ఆమె సగం విని ఆపేసింది. దారియో గుండె ఆగి పోయాడని హోటల్ డాక్టరు రాశాడు. దానికి ఆధారం ఉంది. తమ్ముడి కథకి లేదు.

ఒఫేలియా ఒళ్ళంతా ఆధారాలే. ఆ సమయంలో కూడా ఊళ్ళో అమ్మే నూనె సీసాల మీది లేబుళ్ళు చాకుతో గీకేస్తోంది. గుండెజబ్బు, మోకాళ్ళ నొప్పి, బట్టతల, అన్నీ నయమవుతాయని వాటి మీద రాసుంది. గుండెకి మేలు చేసే కొవ్వు ఇందులో ఎక్కువన్నది నిజమట. చెడ్డ కొలెస్టరాల్ తగ్గవచ్చట.

"సూచనలున్నాయి. నిర్ధారణ కాలేదు," అంది లేబుల్ చింపుతూ. "ఆ రెంటికీ తేడా తెలియనివాళ్ళు నూనె అమ్ముతారు. లేకపోతే పైపులు అమ్ముతారు."

మధ్యాహ్నం భోజనాల దగ్గర నాటు అవకాడోలు పెట్టింది. వేలెడంత నల్లటి కాయలు, తోలు ఉల్లిపొరంత పలచన. ఉప్పద్ది, మొక్కజొన్న రొట్టెలో చుట్టి, అక్కా తమ్ముడూ ఒకరినొకరు చూసుకోకుండా తింటున్నారు. మిరేయా చాకు తీసుకుని కాయకి ఓపిగ్గా తొక్క తీసింది. తీసి, గుజ్జంతా అంచున పెట్టి, వట్టి రొట్టె కొరికింది.

ఫిదెన్సియో నమలడం ఆపేశాడు. ఈ తోటల్లో చంటిపిల్లలు కూడా నాటుకాయని తొక్కతోనే నములుతారు. దాని రుచి అంతా ఆ తొక్కలోనే ఉంది. అమ్మమ్మ పెంచిన పిల్లకి ఆ మాత్రం తెలియదా?

పెరట్లోకి వెళ్ళి బొత్తాంలో కర్నల్‌తో చెప్పాడు.

"కాయకి తొక్క తీసిందని ఏజెంట్‌ని అరెస్ట్ చేయమంటావా?" అంది బొత్తాం. "నూనె డబ్బా చూసుకో. ఉంగరం ఏమంటోంది?"

"పచ్చగా ఉంది."

"మరింకేం?"

అక్కతోనూ చెప్పి చూశాడు. నీకు అందరూ నీలాగే కనిపిస్తారు అని ఆమె తలుపు వేసుకుంది. చేసేది లేక అతను డబ్బాకే కాపలా కాశాడు. వంటింటి కాపలా మిరేయా తీసుకుంది. పచ్చడి తనే దగ్గరుండి నూరిస్తానంది.

ఆదివారం చర్చి ముందు మైదానంలో ఇసకేస్తే రాలనంత జనం. ఫిదెన్సియో ముసలివేషాల నాట్యబృందంలో కలిసిపోయాడు. నవ్వు ముఖం చెక్కిన గులాబీరంగు కొయ్య మాస్కు, రిబ్బన్ల టోపీ, వంకర చేతికర్ర. చెక్కచెప్పులు టకటకలాడిస్తూ, నడుం పట్టుకుని, తూలి పడబోయి నిలదొక్కుకోవడమే ఆ నాట్యం. అక్క రాకముందే సంకెల విప్పి డబ్బాని బల్ల మీద పెట్టి, అతను స్టేజీ వారగా నిలబడ్డాడు. ఉంగరం పచ్చగానే ఉంది. మనసు మాత్రం కుదురుగా లేదు.

ఒఫేలియా మాట్లాడుతోంది. పక్కన మిరేయా పచ్చడి రోలు పట్టుకుని నవ్వుతోంది.

"ఈ నూనె అమృతం కాదు," అంది ఒఫేలియా మైకులో. "కానీ ఒక పని బాగా చేస్తుంది. టమాటాలో, క్యారట్‌లో రంగునిచ్చే పదార్థాలు నీళ్ళలో కరగవు. వట్టి పచ్చడి తింటే అందులో చాలా భాగం వచ్చిన దారినే పోతుంది. ఈ నూనె కలిపి తింటే అవే కొన్ని రెట్లు ఎక్కువ ఒంటపడతాయి."

రొట్టె మీద పచ్చడి పరిచింది. దాని మీద నూనె పోసింది.

మాస్కు వెనక ఫిదెన్సియోకి అంతా అర్థమైంది. నూనెలో విషం లేదు, ఎప్పుడూ లేదు. విషం పచ్చడిలో ఉంది, కొవ్వులో తప్ప కరగని విషం. వట్టిగా తింటే వచ్చిన దారినే పోతుంది. నూనె తగిలిందా, ఒంటపడుతుంది. అక్క జీవితమంతా కష్టపడి కనిపెట్టిన మంచి గుణంతోనే అక్కని చంపబోతున్నారు.

రొట్టె ఆమె పెదాల దాకా వెళ్ళింది.

ముసలివేషం ఒకటి తూలుతూ స్టేజీ ఎక్కి, నడుం పట్టుకుని, కర్రతో సహా డాక్టరు మీద పడింది. రొట్టె ఎగిరి కింద పడింది. జనం పడి పడి నవ్వారు.

"తినకు," అన్నాడు మాస్కులోంచి.

గొంతు గుర్తుపట్టగానే ఆమె ముఖం గట్టిపడింది. "దిగు. నాన్న తోట ఎండబెట్టింది చాల్లేదా? ఇదీ పాడు చేస్తావా?" అని పళ్ళబిగువున అని, ఇంకో రొట్టె అందుకుంది.

మిరేయా చొరవగా ముందుకొచ్చింది. ముసలాయనకి పచ్చడి మీద అనుమానంలా ఉంది, నేను తిని చూపిస్తానని మైకులో ప్రకటించి, ఒక రొట్టె నిండా పచ్చడి తీసుకుంది. జనం చప్పట్లు కొట్టారు. ఫిదెన్సియో డబ్బా ఎత్తి, ఆ రొట్టె మీద నూనె ధారగా పోశాడు.

"ఇప్పుడు తినండి."

"నేను డైట్‌లో ఉన్నాను."

"ఒక్క ముద్దకి లావెక్కరు. మీ అమ్మమ్మగారు నూనె పెట్టలేదా? తొక్క తినడం ఎలాగూ నేర్పలేదు."

మిరేయా నవ్వు అలాగే ఉంది కానీ చెయ్యి నోటి దాకా రాలేదు. ఒఫేలియా ఆ చేతిని చూసింది, నూనెని చూసింది, పచ్చడిని చూసింది. తన పరిశోధన తనకొకరు వివరించనక్కర్లేదు. చేతిలోని రొట్టెని మెల్లగా ప్లేట్‌లో పెట్టేసింది. ఆమె పెదాలు దారియో పేరు పలికాయి.

మిరేయా హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసింది. దాని మొన డాక్టరు గుండె వైపు తిరిగేలోగా చేతికర్ర వంకీ ఆ మణికట్టుకి తగులుకుంది. లిప్‌స్టిక్‌లోంచి పేలిన గుండు చర్చి గంటకి తగిలి ఠంగుమంది. మిగతా ముసలివేషాలు నాట్యమే అనుకుని ఆమె చుట్టూ తిరుగుతుంటే, వాటిల్లోంచే ఇద్దరు మఫ్టీ పోలీసులు చేతులు విరిచిపట్టారు. తను తిన్న పచ్చడి కడుపులో ఇంకా మిగిలుందేమోనన్న భయంతో, జైల్లో ఆ వారమంతా ఆమె నూనెచుక్క తగలని తిండే అడిగింది. కర్నల్‌కి వేరే వాంగ్మూలం అవసరం లేకపోయింది.

స్టేజీ మీద కెమెరాలు మూగాయి. ఈ నూనె ప్రాణాలు కాపాడుతుందా అని ఒక విలేకరి అడిగాడు. అలాంటి ఆధారం లేదని ఒఫేలియా విసుక్కుంది. మరి ఈ ముసలివేషం ఎవరు, పోలీసా, గూఢచారా అని ఇంకొకడు మైకు చాచాడు.

ఫిదెన్సియో అక్క వైపు తిరిగాడు. ఆధారం లేని మాట ఒక్కటి కూడా ఆమె ఈనాటి వరకు మైకులో అనలేదు. ఒఫేలియా ఆ కొయ్య ముఖాన్ని చాలాసేపు చూసింది. చెయ్యి చాచి, పక్కకి జరిగిన మాస్కుని సరిగ్గా బిగించింది.

"మా తమ్ముడు," అంది. "పైపులు అమ్ముతాడు. సరుకు మంచిదేనని సూచనలున్నాయి. నిర్ధారణ కాలేదు."