ఉప్పునీళ్ళ ప్లేటు

"ఏంది షంషాద్ ఇది? ఉప్పునీళ్ళకి బ్యాక్టీరియా చస్తదా?"

ముర్తుజా గాజు ప్లేటును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు. నరసరావుపేట కాలేజీ ల్యాబ్‌లో వాళ్ళిద్దరికీ కలిపి ఇచ్చిన ప్రాజెక్టు అది. కంటిచుక్కలు పాడవకుండా కలిపే ప్రిజర్వేటివ్ ఆ మందు బలాన్ని పెంచుతుందా, తగ్గిస్తుందా అని తేల్చాలి. నాలుగు ప్లేట్లలో బ్యాక్టీరియా పెంచి, మధ్యలో తడిపిన కాగితం బిళ్ళలు పెట్టారు. ఒకదాంట్లో ఉత్త మందు, ఇంకోదాంట్లో ఉత్త ప్రిజర్వేటివ్, మూడోదాంట్లో రెండూ కలిపి. పోల్చుకోవడానికి చివరిదాంట్లో ఉప్పునీళ్ళు. బ్యాక్టీరియా చచ్చినచోట బిళ్ళ చుట్టూ ఖాళీ వలయం ఏర్పడుతుంది.

ఏర్పడింది. అన్నిటికన్నా పెద్దది ఉప్పునీళ్ళ ప్లేటులో! రెండూ కలిపినదాంట్లో వలయం జాడే లేదు.

"సైన్సుకీ మీకూ పడదేమో," అంది షంషాద్ చున్నీ సర్దుకుంటూ.

"నవ్వమాకండి. రేపు శ్రీమన్నారాయణ మాస్టారికి ఏం చూపిస్తాం?"

"పేర్లు ఎక్కడ రాశారు?"

"మూతల మీద."

"ప్లేటు అడుగున కదా రాయాల్సింది? మూతలు మారిపోతాయని మాస్టారు మొదటి రోజే మొత్తుకున్నారు."

ముర్తుజా ముఖం కందిపోయింది. రాసేటప్పుడు ఆమె ఎదురుగా కూర్చుని ఉంది. ఇక మార్కరు ఎక్కడ ఆనుతోందో అతనికేం తెలుస్తుంది?

"అయితే మారాయంటారా? ఎవరు మార్చారు? అటెండరు కూడా రాలేదే!"

"నేనే."

అతను చేతిలోని ప్లేటు బల్ల మీద పెట్టేశాడు.

"పొరపాట్నా?"

"కావాలనే. ఉప్పునీళ్ళ దాందీ, కలిపినదాందీ మూతలు మార్చా. పెద్ద వలయం రెండూ కలిపినదాందే. ప్రిజర్వేటివ్ ఒక్కటే పెట్టినా కొంత చంపింది. గొప్పంతా మందుది కాదు."

"అన్నీ తెలిసి నన్నెందుకు ఇంత తికమక పెట్టారు?"

"ప్రాజెక్టు అయిపోయిందంటే రేపట్నించి ఇంట్లో నన్ను కాలేజీకి పంపరు. శుక్రవారం మాచర్ల సంబంధం వాళ్ళు వస్తన్నారు. ఇది తప్పయితే మళ్ళీ చెయ్యాలిగా? ఇంకో నాలుగు రోజులు రావచ్చు."

"వచ్చి?"

పాపం, అతను నిజంగానే అడిగాడు. షంషాద్‌కు కోపం వచ్చింది, దాంతోపాటే కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి.

"మీరు అడుగుతారేమోనని! ఇంత చదువుకున్నారు, ఈ మాత్రం తెలవదా?"

ఇప్పుడు తెలిసింది. ముర్తుజాకు ప్రాణం లేచి వచ్చింది.

"మా అమ్మ వచ్చి మాట్లాడితే మీ అబ్బాజాన్ కాదంటారా?"

"ముందు నన్ను అడగండి!"

అడిగాడు. మాటలు అటూ ఇటూ అయ్యాయి గానీ, అడిగాడు.

"ఊఁ," అంది షంషాద్, కళ్ళు తుడుచుకుంటూ. "మీ అమ్మని గురువారమే పంపండి."