నాలుగో లైను

ఫోను మోగేటప్పటికి చుక్కమ్మ హాల్లో నేలమీద కూర్చుని పైపు జాయింట్లు సైజుల వారీగా సంచుల్లో వేసుకుంటోంది. వంటింట్లో ఆమె భర్త రొట్టె ముక్కలు కాలుస్తుంటే, తల్లి వాటికి వెన్న రాస్తూ అతనితో ఏవో కబుర్లు చెబుతోంది. ఆ ఇంట్లో అత్తా అల్లుడూ ఒక జట్టు. తల్లీ కూతుళ్ళ మధ్య మాత్రం మాటలు అవసరం మేరకే.

చుక్కమ్మ అన్నది తండ్రి పెట్టిన ముద్దుపేరు. ఆయన తోటలకు నీటి పైపులు వేసేవాడు. డ్రిప్పులు, స్ప్రింక్లర్లు, వేళకు నీళ్ళు వదిలి వేళకు ఆపే కంట్రోలర్లు, అన్నీ ఆయనకు కొట్టినపిండి. చిన్నప్పుడు ఈమె మొక్క మొదట్లో చతికిలబడి డ్రిప్పు చుక్కలు లెక్కపెడుతూ తిండి సంగతే మరిచిపోయేది. "అందరి పిల్లలూ ఆకాశంలో చుక్కలు లెక్కపెడితే నా కూతురు పైపులో చుక్కలు లెక్కపెడుతుంది" అని ఆయన కనిపించినవాళ్ళకల్లా చెప్పుకునేవాడు. పెద్దయ్యాక ఆయన పనే ఆమె పనయింది. పేరు కూడా అలాగే ఉండిపోయింది.

ఫోను చేసినావిడ ఒక బడి పంతులమ్మ. పెరటి తోటలో మూడు లైన్లు బాగానే పారుతున్నాయనీ, కంట్రోలర్‌లో నాలుగో అంకె నొక్కితే మాత్రం చుక్క రాలడం లేదనీ చెప్పింది. ఆ లైను వైపు ఇన్నాళ్ళూ ఖాళీగానే ఉందట, ఈమధ్యే కిటికీ కింద గులాబీలు వేస్తే అవి వాడిపోతున్నాయట. చుక్కమ్మ చిరునామా అడిగింది. ఆవిడ చెబుతుంటే ఈమె చేతిలోని జాయింటు చేతిలోనే ఉండిపోయింది.

అది తను పుట్టి పెరిగిన ఇల్లు.

తండ్రి పోయాక ఏడాది తిరక్కుండానే తల్లి ఆ ఇల్లు అమ్మేసింది. అప్పుడు చుక్కమ్మ వేరే ఊళ్ళో ఒక పెద్ద పార్కు పనిమీద ఉంది. సంతకాలన్నీ అయ్యాకే సంగతి తెలిసింది. ఒక్కదాన్నే ఆ ఇంట్లో ఉండలేనన్న ముక్క తప్ప తల్లి ఇంకేమీ చెప్పలేదు. కూతురూ రెండోసారి అడగలేదు. తల్లిని తెచ్చి తన దగ్గరే పెట్టుకుంది, ఏ లోటూ రానివ్వలేదు. కానీ ఆ ఇంటి మాట మాత్రం గొంతులో ముల్లులా దిగబడిపోయింది. మింగడానికి లేదు, కక్కడానికి లేదు.

ఆ పనికి ఇంకెవరినైనా పంపుదామని చుక్కమ్మ భర్తతో గుసగుసగా అంది. అతను రొట్టె తిరగేస్తూ, "నువ్వు వెళ్ళకపోతే ఎవరో వచ్చి మామయ్యగారి పైపులన్నీ పీకి పారేస్తారు. ఆ తర్వాత నువ్వు నా ప్రాణం తోడేస్తావు. వెళ్ళిరా" అన్నాడు.

వెళ్ళింది. గేటు రంగు మారింది గానీ తెరిచినప్పుడు మూలిగే మూలుగు మారలేదు. పెరట్లో నిమ్మచెట్టు గోడను దాటి ఎదిగింది. కుళాయి పక్కన తండ్రి చేతులు కడుక్కునే రాతిపలక అరిగి, మధ్యలో చిన్న గుంట పడింది. నీళ్ళు వదిలే ముందు ఆయన చెప్పులు విడిచేవాడు. ఎక్కడ ఎక్కువ తడిసిందో, ఎక్కడ అసలు తడవలేదో కంటికన్నా ముందు కాలికి తెలుస్తుందనేవాడు. చుక్కమ్మ కూడా చెప్పులు విడిచి, ఒక్కొక్క లైనూ వదులుతూ తోటంతా తిరిగింది. మొదటి మూడూ ఆయన ఉన్నప్పటిలాగే పారాయి. ఆ తడిమట్టి వాసనకు కాసేపు తను ఏ పనిమీద వచ్చిందో మరిచిపోయింది.

కంట్రోలర్ నుంచి నాలుగో లైను వాల్వ్‌కు వెళ్ళే వైరుకు మీటరు పెట్టి చూస్తే ముల్లు కదల్లేదు. అంటే దారిలో ఎక్కడో వైరు తెగింది, లేకపోతే వాల్వ్‌ను తెరిచే కాయిల్ కాలిపోయింది. ఏదో తేలాలంటే ముందు వాల్వ్ దొరకాలి. మిగతా మూడూ కుళాయి దగ్గర ఒకే డబ్బాలో ఉన్నాయి. నాలుగోది మాత్రం ఆమె చదువుకోసం హాస్టల్లో ఉన్న రోజుల్లో ఆయన విడిగా వేసింది. ఇనపచువ్వతో గుచ్చి గుచ్చి చూసినా రాళ్ళు తప్ప డబ్బా తగల్లేదు. గులాబీల పాదులన్నీ తవ్వడానికి మనసొప్పక, మర్నాడు వస్తానని పంతులమ్మకు చెప్పి ఇంటికొచ్చేసింది.

భోజనాలయ్యాక తల్లిని అడిగింది, ఆ నాలుగో లైను వాల్వ్ ఎక్కడుందని. తల్లి బల్ల తుడుస్తున్నదల్లా ఆగింది.

"మూడు పారుతున్నాయిగా. అదెందుకు ఇప్పుడు?"

అంతే, ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా కూతురి నోటికొచ్చింది.

"నాన్న తన చేత్తో వేసిన లైనమ్మా అది. ఇల్లు ఎలాగూ నాకు మాటమాత్రం చెప్పకుండా అమ్మేశావు. ఆయన పైపు ఎక్కడుందో అదైనా చెప్పవా? ఆయన గుర్తులన్నీ అంత బరువైపోయాయా నీకు?"

భర్త ఏదో అనబోయాడు. అత్తగారు చేత్తోనే వద్దని వారించింది. బల్ల ఆ చివరివరకూ తుడిచి, గుడ్డ పిండి ఆరేసింది.

"చెబితే దొరకదు. రేపు నేనూ వస్తాను" అంది.

మర్నాడు ఇద్దరూ వ్యానులో వెళ్ళారు. గేటు దగ్గర తల్లి కాసేపు నిలబడిపోయింది. పంతులమ్మ ఎదురొచ్చి లోపలికి రమ్మంది, కాఫీ కలుపుతానంది. తల్లి తర్వాతంటూ నేరుగా పెరటివైపు నడిచింది. పడగ్గది కిటికీ రెక్కను బయటికి బార్లా తెరిచి, దాని అంచు కింద నేలను చూపించి అక్కడ తవ్వమంది.

చుక్కమ్మ మోకాళ్ళమీద కూర్చుని తవ్వింది. జానెడు లోతులో ఒక నాపరాయి, దాని కింద డబ్బా మూత. తెరిస్తే వాల్వ్ నిక్షేపంలా ఉంది. వైరు మాత్రం తెగి ఉంది. ఎలుక కొరికితే చీలికలు పేలికలవుతుంది. పార తగిలితే నలుగుతుంది. ఇది కత్తెరతో కోసినట్టు నున్నగా తెగింది. పైగా తెగిన కొసలు రెండింటికీ, వేలు కోసుకుంటే వేసుకునే మందు పట్టీలు శ్రద్ధగా చుట్టి ఉన్నాయి. పైపుల పని తెలిసినవాళ్ళెవరూ అలా చుట్టరు.

తలెత్తి చూసింది. తల్లి కిటికీ గట్టు పట్టుకుని నిలబడి ఉంది.

"నేనే కోశాను" అంది.

ఆ లైను తెల్లవారుతుండగా వచ్చేది. అది మొదలవగానే ఆయన చప్పుడు చేయకుండా లేచి తోటలోకి వెళ్ళేవాడు. కిటికీ కింద నీళ్ళ చప్పుడుకు ఆవిడకు మెలకువ వచ్చేది. లేచి కాఫీ పెట్టేది. నీళ్ళు ఆగేసరికి ఆయన తడికాళ్ళతో పెరటి గుమ్మంలో ఉండేవాడు. అదంతా కూతురికీ తెలుసు. తెలియనిది ఆ తర్వాతది.

"ఆయన పోయారని కంట్రోలర్‌కి ఏం తెలుసు? వేళకి వదిలేది. ఆ చప్పుడు వినగానే నిద్రమత్తులో వెళ్ళి స్టవ్ వెలిగించేదాన్ని. రెండు కప్పులు తీసి పెట్టేదాన్ని. నీళ్ళు ఆగేవి. గుమ్మంలోకి ఎవరూ వచ్చేవారు కాదు." ఆవిడ వంగి వాడిన గులాబీ ఆకొకటి తుంచింది. "రోజూ పొద్దున్నే ఆయన మళ్ళీ పోయేవారు చుక్కా. ఎన్నిసార్లని పోగొట్టుకోను?"

చుక్కమ్మ పార పక్కన పెట్టేసింది.

"కోసేస్తే పోతుందనుకున్నాను. ఆ చప్పుడు లేకపోయేసరికి ఇంకా భయమేసింది. అప్పుడే ఇల్లు అమ్మేద్దామనుకున్నాను."

"నాకు చెబితే మార్చేదాన్ని కదమ్మా. ఒక్క మీట నొక్కితే అయిపోయేది."

"చెబుదామనే ఫోను చేసేదాన్ని. నాన్న మాట ఎత్తగానే నువ్వు పనుందని పెట్టేసేదానివి. నీ ఏడుపు నీకుందిలే అని ఊరుకున్నాను."

అందులో ఆక్షేపణ లేదు. అందుకే అది సూటిగా వెళ్ళి తగిలింది. ఆ రోజుల్లో చుక్కమ్మ ఊరు కాని ఊళ్ళో, పార్కులో, పొద్దున్నించి చీకటిపడేదాకా కందకాలు తవ్విస్తూ, తండ్రి పేరు వినపడనిచోట దాక్కుంది. తల్లి మాత్రం ఆయన మిగిల్చిపోయిన చప్పుళ్ళ మధ్య ఒంటరిగా ఉండిపోయింది. ఇల్లు అమ్మిందని కూతురు కోపం పెంచుకుంది గానీ, ఆ ఇంట్లో తెల్లవారుజాములు ఎలా గడిచాయో ఒక్కసారైనా అడగలేదు. ఆమె మట్టిచేతులతోనే తల్లి నడుము చుట్టేసి, ఆవిడ పొట్టలో ముఖం దాచుకుంది. తల్లి ఆమె తల నిమిరింది.

తర్వాత చుక్కమ్మ పట్టీలు ఒలిచి, వైరు కొసలు శుభ్రం చేసి, కలిపి, తడి తగలకుండా మూత బిగించింది. నాలుగో అంకెను తల్లి చేతే నొక్కించింది. పైపు ముందు గాలితో దగ్గింది, బురద కక్కింది, ఆపైన తేటనీళ్ళు గులాబీల మొదళ్ళలోకి పారాయి. ఏ వేళకు పెట్టమంటారని పంతులమ్మ అడిగితే తల్లే జవాబు చెప్పింది. మొక్కకు పొద్దుటి నీళ్ళే వంటబడతాయని మావారు అనేవారు, తెల్లవారుజామునే పెట్టుకోండి అంది.

తిరిగి వస్తుంటే సందు మలుపులో తల్లి ఉన్నట్టుండి మాట మొదలుపెట్టింది. ఆ లైను వేసిన రోజు ఆయన గొప్పకు పోయి, చుట్టుపక్కల వాళ్ళందరినీ పిలిచాడట. భార్యను కొత్తబట్టలు కట్టుకురమ్మని, ప్రారంభోత్సవం నీదేనంటూ మీట నొక్కించాడట. నొక్కీ నొక్కగానే జాయింటు ఊడి నీళ్ళన్నీ ఆవిడ ముఖాన పడ్డాయట. అంత గొప్పకు పోయిన మేస్త్రీగారేమో నిమ్మచెట్టు వెనక నక్కారట.

చుక్కమ్మకు ఈ కథ ఎవరూ చెప్పలేదు. నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళలో నీళ్ళు నిండి రోడ్డు మసకబారింది. వ్యాను పక్కకు తీసి ఆపింది.

"తర్వాత? నువ్వేమన్నావు ఆయన్ని?"

"ఏమంటాను? ముళ్ళ చెట్టు చాటున దూరాడుగా, బయటికి రాలేక అక్కడే ఇరుక్కుపోయాడు మీ నాన్న" అంటూ తల్లి సీట్లో కాస్త ఇటు తిరిగి కూర్చుని, మిగతాది చెప్పసాగింది.