వెనక సీట్లోని మోత

కారు డిక్కీ తెరవగానే కాలిన వాసన గుప్పుమంది. యాంప్లిఫయర్ మాడిపోయింది!

ఆమె టార్చి వేసి చూసింది. స్పీకర్ల తీగలు తాను కలిపినట్టు లేవు. ఎవరో విప్పి మళ్ళీ కలిపారు.

కార్లలో స్పీకర్లు బిగించడమే ఆమె పని. ఈ కారు నాన్నది. అమ్మ ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయించేది. ఆమె పోయాక నాన్న రోజూ పొద్దున్నే వెనక సీట్లో కూర్చుని అమ్మ వాయించిన పాట రికార్డింగే పెట్టుకుంటున్నాడు. అది చూడలేక, అమ్మ బేస్ బాగా పలకాలని, లోతైన మోతనిచ్చే సబ్‌వూఫర్ స్పీకర్లు రెండు కూతురే ఏరి తెచ్చింది. ఒక్కోదానిలో నాలుగేసి ఓంల నిరోధమున్న తీగచుట్టలు, అంటే కాయిళ్ళు, రెండు. ఓంలు తగ్గేకొద్దీ యాంప్లిఫయర్ మీద భారం పెరుగుతుంది. ఇదేమో రెండు ఓంల కన్నా కిందికి దిగితే తట్టుకోదు. అందుకే ప్రతి స్పీకర్లోని కాయిళ్ళను సిరీస్‌లో, ఒకదాని వెనక ఒకటిగా కలిపి ఎనిమిది ఓంలు చేసి, ఆ రెండు స్పీకర్లను పారలల్‌లో, పక్కపక్కన కలిపి సగానికి దించి, మొత్తం నాలుగు ఓంలకు తెచ్చింది.

ఇప్పుడు మీటరు పెడితే ఒక ఓం కూడా లేదు. కాయిళ్ళు మాత్రం బతికే ఉన్నాయి.

"ఏమండీ! ఒకసారి ఇటు రండి."

నోట్లో బ్రష్‌తోనే వచ్చాడు భర్త. షాపులో ఆమెకు కుడిభుజం. మోత ఎంత పెరిగితే అంత సంబరం ఆయనకు.

"ఇంకాస్త అదిరేలా చేయొచ్చుగా అన్నారు. చేసేశారన్నమాట!"

"నేనా? డిక్కీ ముట్టుకుంటే ఒట్టు!"

"ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టేది మనిద్దరమే. నేను కాదు. ఇక మిగిలింది పిల్లి."

"అయితే దాన్నే అడుగు." ఆయన ముఖం ఎర్రబడింది. జేబులోంచి షాపు తాళాలు తీసి కారు టాపు మీద పడేశాడు. "నమ్మకం లేని చోట నేను పని చేయలేను."

నాన్న మెట్ల మీద నిలబడి ఇద్దరినీ చూస్తూ చిరునవ్వుతో తల ఊపుతున్నాడు.

"నవ్వుతారేంటి నాన్నా? అమ్మ పాట ఇక దేంట్లో వింటారు?"

నాన్న మళ్ళీ తల ఊపాడు. అదే నవ్వు.

ఆమె విసురుగా డిక్కీ వైపు తిరిగి, మాడిన తీగను పైకి లాగింది. చేయి ఆగిపోయింది. భర్త ఎప్పుడూ క్లిప్పులే వాడతాడు. ఇక్కడ తీగలు గట్టిగా మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి ఉన్నాయి. టేపు చివర కొంచెం మడిచి ఉంది, రేపెవరైనా విప్పాల్సి వస్తే గోరు విరగకుండా. ఆ మడత ఆమెకు చిన్నప్పుడు నేర్పింది ఒక్కరే. జీవితమంతా ఇళ్ళకు వైరింగు చేసిన మనిషి.

వెనక్కి చూసింది. నాన్న కారు తలుపు తీసి, వెనక సీటుకు అరచేయి ఆనించి నిలబడ్డాడు.

"నాన్నా!"

తిరగలేదు.

"నాన్నా!" ఈసారి అరిచింది. సీటు మీద చేయి కదల్లేదు.

ఆమె కళ్ళు భర్త వైపు తిరిగాయి. "ఏమండీ, నన్ను..."

"తర్వాత బతిమాలుకుందువుగానిలే." ఆయన కారు టాపు వైపు చేయి చాచాడు. తాళాలు తీసి జేబులో వేసుకున్నాడు. "ముందు ఆయన్ని చూడు."

ఆమె నాన్న భుజం తట్టి, టేపు చుట్టిన తీగ చూపించింది. నాన్న నవ్వు ఆరిపోయింది. సీట్లో కూలబడ్డాడు.

"నేనేనమ్మా. అల్లుణ్ణేమీ అనకు. నాకు చెవులు పోయాయి. చెబితే కారు తాళాలు లాక్కుంటావని చెప్పలేదు. పాట వినపడదు గానీ, మీ అమ్మ తీగ మీటితే ఈ సీటు అదురు వెన్నుకు తగిలేది. అదీ లీలగానే. డిక్కీ తెరిచి చూస్తే నువ్వు సిరీస్‌లో కలిపావు. బల్బుల్ని అలా కలిపితే మసగ్గానే వెలుగుతాయి కదా! పిల్ల పొరపాటు చేసింది, చెబితే చిన్నబుచ్చుకుంటుంది, నేనే సరిచేద్దామనుకుని, ఇంటి వైరింగులాగే అన్నీ పారలల్‌లో కలిపేశా. ఒక్క పాట... మీ అమ్మ పక్కన కూర్చుని వాయించినట్టే అదిరిందమ్మా. తర్వాత కాలిన వాసన వచ్చింది. ఎలక్ట్రీషియన్ని, ఆ వాసన నాకు తెలియదా? తెలుసు. ఆపబుద్ధి కాలేదు."