తోమిన చాకు

బత్తాయి తోటలో, మోటరు గది గడప మీద తోట యజమాని భిక్షపతి శవం బోర్లా పడి ఉంది. వీపులో రెండు పోట్లు. పక్కనే తెరిచిన మడత చాకు.

పొద్దున ఏడింటికే ఊరు తీర్పు చెప్పేసింది. చాకు ముజఫ్ఫర్‌ది. తోటలో కాయలు కోసే ముజఫ్ఫర్‌ది. పేరు విన్నంక కొందరికి వేరే సాక్ష్యమే అక్కర లేకపోయింది. అతను భిక్షపతిని ఎందుకు చంపుతాడని అడిగినోడు ఒక్కడు లేడు.

ఎస్సై ప్రవళిక చాకును కవర్లో పెట్టి వెలుగుకు పట్టింది.

"పిడి మీద వేలిముద్రల్లేవు మేడం. తుడిచిండు," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ కృష్ణకాంత్.

"పిడి తుడిచే తెలివి ఉన్నోడు చాకు ఇక్కడెందుకు ఇడిచిపెట్టిండు?"

అంతలో ప్రవళిక ఫోన్ మోగింది. అవతల సీఐ. "సాయంత్రానికి రిమాండ్ చెయ్. కట్టంగూర్ రోడ్డు మీద జనం కూర్చున్నరు."

స్టేషన్‌లో ముజఫ్ఫర్ నేల మీద కూర్చున్నాడు. పెదవి చిట్లింది. జీపు వచ్చేలోపు ఊరు చేసిన పని.

"చాకు నీదేనా?"

"నాదే మేడం. మా అబ్బా భువనగిరిల చేయించిండు. లారీ కమాను పట్టాది. గసుంటి ఇనుము ఇప్పుడు దొర్కది."

"ఎప్పుడు పోయింది?"

"దసరా ముందు. మోటరు గదిల మర్చిపోయిన. మల్లొచ్చి చూస్తే లేదు."

"ఎవరికి చెప్పినవ్?"

"భిక్షపతి పటేల్‌కు."

చెప్పింది చచ్చిన మనిషికి.

స్టేషన్ మెట్ల మీద అతని భార్య తాహేరా కూర్చుని ఉంది. ప్రవళిక పక్కన కూలబడింది.

"చాకు ఎవరు తోముతరమ్మా మీ ఇంట్ల? నువ్వేనా?"

"ముట్టనిస్తడా? రోజూ కాయ కోసి బేరగాళ్లకు రసం చూపిస్తడు గద. పులుపుకు నల్లగైతది. గా నలుపుంటేనే తుప్పు రాదంటడు. నన్నన్నా మరుస్తడు గని దానికి నూనె రాసుడు మరువడు."

ప్రవళిక లేచింది. ఆమె బాపు జానయ్య చాకూ అంతే. గొర్రెల వెంట తిరిగినోడు. ఉల్లిగడ్డ కోసినా, తాడు తెంపినా అదే చాకు. ఏండ్ల నలుపు. ఒకసారి ఆమె చిన్నతనంలో బూడిదేసి మెరిపిస్తే, వారం దినాలు మాట్లాడలేదు.

కవర్లో చాకు తెల్లగా మెరుస్తోంది. నెత్తురు ఆరిన చోట మాత్రమే ఎర్రటి తుప్పు. భూతద్దం పెట్టింది. మడత కీలు సందులో పసుప్పచ్చని ముద్ద.

"కృష్ణకాంత్, జీపు తియ్. ముజఫ్ఫర్‌ను ఎక్కించు."

భిక్షపతికి పిల్లల్లేరు. అన్నకొడుకు ఐలేశమే దిక్కు. తోట ప్లాట్లు చెయ్యాలని ఐలేశం, నేను బతికుండంగ కాదని చిన్నాయిన భిక్షపతి. ఏడాది నుంచి ఇదే పంచాయితీ. ప్లాట్ల బేరగాడు మల్లికార్జున్ అప్పుడే ఐలేశం వాకిట్లో కుర్చీ వేసుకుని ఓదారుస్తున్నాడు.

ముజఫ్ఫర్ దిగగానే ఐలేశం లేచాడు. "వీన్నెందుకు తెచ్చిండ్రు? మా చిన్నాయిన్ను మింగింది చాలలేదా?"

"కూసో," అంది ప్రవళిక.

గోడ వారగా గడ్డపార, గొడ్డలి, కొడవండ్లు వరుసగా ఉన్నాయి. అన్నీ తళతళలాడుతున్నాయి. అన్నిటికీ పసుపు, కుంకుమ. మొన్నటి దసరా ఆయుధపూజవి.

అడిగితే ఓ తల్లి నోటి మాటే కొడుకును పట్టిస్తుంది. అడక్కపోతే ముజఫ్ఫర్ జైలుకు పోతాడు. ప్రవళిక పోయి ఐలేశం తల్లి నర్సింగమ్మ ముందు గొంతుక్కూర్చుంది.

"పెద్దమ్మా, దసరాకు పనిముట్లు తోమింది నువ్వేనా?"

"నేనే బిడ్డా. ఇంట్ల ఇనుమన్నది ఇడువ. చింతపండేసి తోమి పసుపు రాసిన."

"మడత చాకు గూడనా?"

"గదొకటి. గడ్డివాములో గుడ్డల సుట్టి ఉండె. ఎంత నల్లగున్నదో! తోమి తోమి నా రెక్కలు పడిపోయినయ్."

"అమ్మా, నోర్ముయ్!"

ఐలేశం దొడ్డి గోడ దూకబోయాడు. కృష్ణకాంత్ కాలర్ పట్టి లాగాడు. మల్లికార్జున్ చెప్పులు వెతుక్కుంటున్నాడు.

"నువ్వు స్టీలు కత్తి వాడేటోనివి," అంది ప్రవళిక. "నలుపంటే నీకు మురికే. తల్లి తోమితే మంచిగైందనుకున్నవ్. ముజఫ్ఫర్ దగ్గరుంటే అది నల్లగనే ఉంటుండె. పసుపు అంటకపోతుండె. దొంగిలించి, దాచి, మీ చిన్నాయిన వీపుల దింపి, పిడి తుడిచి పడేసినవ్. కీలు సందు తుడవలే."

సంకెళ్లు పడ్డాయి. వాకిట్లో మూగిన జనం నేల చూశారు. పొద్దున తీర్పు చెప్పినోళ్లే వాళ్లు.

నర్సింగమ్మ ప్రవళిక చెయ్యి పట్టుకుంది. అరచేయి గీతల్లో ఇంకా పసుపు ఉంది.

"నేను తోమకుంటే నా కొడుకు దొర్కకపోతుండెనా బిడ్డా?"

ప్రవళికకు అబద్ధం నోట రాలేదు.

"దొర్కకపోతుండె పెద్దమ్మా. గాయిన జైలుకు పోతుండె."

నర్సింగమ్మ ముజఫ్ఫర్ వైపు చూసింది. చిట్లిన పెదవిని చాలాసేపు చూసింది. తర్వాత లోపలికి పోయి, చెంబుతో నీళ్లు తెచ్చి అతని ముందు పెట్టింది. కొడుకు ఎక్కిన జీపు దిక్కు తిరగలేదు.