కోటు గారు లాండ్రీకి వెళ్లిన రోజు

ఉదయం తొమ్మిదిన్నరకి హాజరు గేటు దాటగానే అందరి ముఖాలూ ఒకేలా వికసించేవి. అది 2091వ సంవత్సరం. విశాఖ తీరంలో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ఆ సంస్థలో నాలుగు వందల మందీ ముఖపొర వేసుకునే పనిచేసేవారు. ఉల్లిపొరంత పల్చటి పాలిమర్ అది, చర్మానికి అతుక్కుంటే కంటికి కనిపించదు. ఎదుట ఉన్నదెవరో, వాళ్ల హోదా ఏమిటో అందులోని సెన్సర్లు పసిగట్టి సర్వర్‌కి చెబుతాయి. అక్కడున్న మర్యాదపట్టికని బట్టి ఎంత నవ్వాలో, ఎంత నొచ్చుకోవాలో పొర ముఖం మీద పలికిస్తుంది. గొంతుకి తగిన శబ్దం కూడా అందిస్తుంది. దానివల్ల ఆఫీసులో కీచులాటలు తగ్గిన మాట నిజమే, ఒప్పుకోకపోతే అన్యాయం.

హైమావతికి మాత్రం పొర పెద్ద దెబ్బే కొట్టింది. ఏటా వార్షికోత్సవానికి హాస్యనాటిక రాసేది ఆవిడే. పై అధికారుల మీద చెణుకులు విసరడానికి ఏడాదికి అదొక్కటే రోజు. పొర వచ్చిన పదహారేళ్లుగా ఏ నాటిక వేసినా హాలంతా ఒకే శ్రుతిలో, ఒకే సేపు నవ్వుతోంది. బాగుందో, తగలడిందో తెలిసే దారి లేదు. ఇవాళ సాయంత్రం వార్షికోత్సవం, రేపు ఆవిడ రిటైర్‌మెంటు. ఒక్క నిజమైన నవ్వు వినకుండా వెళ్లిపోవడానికి ప్రాణం ఒప్పుకోవడం లేదు.

పొరని తయారుచేసిన ఇంజనీరు ఫణీంద్రని సర్వర్ గదిలో పట్టుకుంది.

"ఆఖరి రంగంలో రెండు నిమిషాలు పొరలు ఆపు బాబూ. అంతకన్నా అడగను."

"మీరు చూడలేరు మేడమ్."

"ఏం, అంత అసహ్యంగా ఉంటామా?"

"అసహ్యమైతే ఫరవాలేదండీ," అన్నాడతను. చివరికి సరేనన్నాడు.

సాయంత్రం తెర లేచింది. కథ చిన్నదే. ఒక అధికారి తన కోటు కుర్చీకి తగిలించి బయటికెళ్లి మరి రాడు. సిబ్బంది ఆ కోటుకే నమస్కారాలు పెడుతూ, దాన్నే సెలవులడుగుతూ మూడు నెలలు గడిపేస్తారు. ఉత్తమ అధికారి బహుమతి కూడా దానికే వస్తుంది. తీరా సన్మానం వేళకి కుర్చీ ఖాళీ, కోటు లేదు.

తెర పక్కన నిలబడి హైమావతి గడియారం చూసింది. పొరలు ఆరిపోయాయి. అటెండరు వేషంలో ఉన్నతను చేతులు కట్టుకుని చెప్పాడు.

"సారు లాండ్రీకి వెళ్లారండి!"

ఎవరూ నవ్వలేదు. అసలు వేదిక వైపే ఎవరూ చూడటం లేదు. నాలుగు వందల మెడలూ మెల్లగా, ఒక్కసారిగా, ముందు వరసలో కూర్చున్న డైరెక్టరు మార్తాండరావు వైపు తిరిగాయి. ఆయన నవ్వితే నవ్వుదామని. ఆయన ముఖం పాలిపోయి ఉంది. పక్కవాళ్ల ముఖాల్లో ఆయనా ఏదో వెతుక్కుంటున్నాడు.

అప్పుడు పదో వరసలోంచి ఒక నవ్వు వచ్చింది. పంపుల విభాగంలో పనిచేసే సత్యవేణి. ముందు ముక్కుతో, తర్వాత పొట్ట పట్టుకుని, "లాండ్రీకట!" అంటూ పగలబడి నవ్వుతోంది. శ్రుతీ లేదు, మర్యాదా లేదు. హైమావతి కళ్లు నిండిపోయాయి. ఇదే, పదహారేళ్లుగా ఆవిడ ఎదురుచూసింది ఇందుకే.

మెడలన్నీ సత్యవేణి వైపు తిరిగాయి. డైరెక్టరు కూడా వెనక్కి తిరిగి చూశాడు. ఆ పిల్ల నవ్వుతూనే బెదిరి, తోడు కోసం వేదిక వైపు, సరిగ్గా హైమావతి వైపు చూసింది. నవ్వు టక్కున ఆగిపోయింది.

ఎందుకు ఆగిందో హైమావతికి అర్థం కాలేదు. కాసేపటికి తెలిసింది. తన చూపుడువేలు తన పెదాల మీదే ఉంది, ఊరుకోమని గదమాయిస్తూ.

రెండు నిమిషాలూ అయిపోయి పొరలు మళ్లీ పనిలోకి వచ్చాయి. హాలంతా ఒకే శ్రుతిలో నవ్వింది. సత్యవేణి కూడా సరిగ్గా అందరిలాగే నవ్వింది. హైమావతి వేలు తీయబోయింది. దాని కింద తన పెదాలు కూడా నవ్వుతున్నాయి.