రాతిగనిలో లాంతరు

చీకటి పడ్డాక ఆ పాత రాతిగని వైపు మా ప్రోవాన్స్ కొండల్లో గొర్రెల కాపరి కూడా మంద తోలడు. చిత్రకారుడు త్రోఫీమ్ పోయింది అక్కడే. రాత్రిపూట గట్టు మీంచి జారాడు. నెల తిరక్కుండానే గనిలో మళ్ళీ లాంతరు వెలిగింది. గాలి ఆగిన రాత్రుల్లో... గుడ్డ మీద కుంచె గీసుకుంటున్న చప్పుడు.

ఈ మాట విన్నవాళ్ళంతా సిలువ గుర్తు వేసుకున్నారు. ముసలి ఎల్జియార్‌కి మాత్రం కడుపు మండింది.

ఆయనా చిత్రకారుడే. నలభై ఏళ్ళుగా ఆ కొండ బొమ్మే వేస్తున్నాడు. రాయి రాయిలా, చెట్టు చెట్టులా — లెక్క తప్పదు. పట్నంలో ఒక్కడూ ఆగి చూడడు. పదేళ్ళ కిందటే వచ్చిన త్రోఫీమ్ బొమ్మల్లోనేమో కొండ ఒళ్ళు విరుచుకునేది. ఆలివ్ చెట్లు మంటల్లా మెలికలు తిరిగేవి.

“నీకన్నా వాడే నయం తాతా,” అన్నాడు వైన్ కొట్టు బాప్తిస్తాన్. “చచ్చి కూడా పని మానలేదు!”

ఎల్జియార్ గ్లాసు ముట్టకుండా లేచాడు. బతికున్నంత కాలం ఓర్చుకున్నాను... చచ్చాక కూడానా?

ఆ రాత్రే రంగు గీకే కత్తి జేబులో వేసుకుని కొండెక్కాడు.

గనిలో బండ మీద లాంతరు. దాని ముందు బొమ్మలు నిలబెట్టే మూడు కాళ్ళ బల్ల, బల్ల మీద బొమ్మ — ఇంకా తడిగా. మనిషి లేడు. బొమ్మలో కొండ ఊపిరి తీస్తోంది...

ఎల్జియార్‌కి ఏడుపొచ్చింది. కత్తి ఎత్తాడు.

వెనకనుంచి చల్లటి వేళ్ళు మణికట్టు పట్టుకున్నాయి.

“గీకకు...”

ఎలాగో తల తిప్పాడు — మొగుడి పొడుగు కోటు తొడుక్కుని త్రోఫీమ్ పెళ్ళాం మియెట్! రెండో చేతిలో, గాలికి బల్ల పడకుండా కట్టడానికి ఏరుకొచ్చిన రాయి.

“నువ్వా అమ్మాయ్! అయితే ఈ బొమ్మలు...”

“మొదట్నుంచీ నావే బాబాయ్. ఆయన లాంతరు పట్టేవాడు. తెల్లారకముందే గాడిద మీద పట్నం తీసుకెళ్ళి, తన పేరున అమ్మేవాడు. ఆడదాని బొమ్మ ఎవరు కొంటారు? పగలంతా నాకు ద్రాక్షతోటలో కూలి. నా బొమ్మని ఎండలో నేనెప్పుడూ చూళ్ళేదు.”

పదేళ్ళ ఏడుపు! అదీ తప్పు మనిషి మీద.

“మరి నీ బొమ్మల్లో ఆకాశానికి ఆ నిమ్మపండు పసుపు...” నోరు జారాడు ఎల్జియార్. “ఆ ధైర్యం ఎక్కడిదే నీకు? నేను వేస్తే ఆకాశానికి కామెర్లొచ్చినట్టుంటుంది.”

“పసుపేంటి బాబాయ్?” ఆమె తెల్లబోయింది. “నేనెప్పుడూ తెలుపే వేశాను. నీ కళ్ళకి మసకొచ్చిందేమో.”

రాయి కింద పెట్టి ఆమె అందుకున్న రంగు గొట్టం చూశాడు ఎల్జియార్. చీటీ మీద రాసుంది — పసుపని. ఆమెకి చదువు రాదు. లాంతరు వెలుగులో లేత పసుపుకీ తెలుపుకీ తేడా తెలియదు.

ఇక కత్తితో పనిలేదు. గొట్టం మీదున్న ఆ ఒక్క మాట చదివితే చాలు. రేపట్నుంచి ఈమె ఆకాశమూ అందరి ఆకాశంలాగే ఉంటుంది.

“ఎలాగూ వచ్చావు, లాంతరు పట్టుకో బాబాయ్. పై కొసకి వెలుగు అందట్లేదు.”

అందుకున్నాడు. ఆమె గొట్టం పిండి, కుంచె ముంచింది. ఆయన నోరు తెరిచాడు...

“ఏంటి బాబాయ్?”

“ఏం లేదు. చెయ్యి లాగుతోంది. నువ్వు కానియ్.”

పళ్ళు కొరుక్కుంటూ లాంతరు ఇంకాస్త పైకెత్తాడు.