కాలువ గట్టు మీద శ్రమతాడు

ధవళేశ్వరం లాకులు దాటగానే హ్యాండిళ్ళ మీద పచ్చదీపాలు వెలిగాయి. శ్రమతాడు పడిందన్నమాట. ఇక ఈ ఐదు సైకిళ్ళ తొక్కుడూ ఒక్కటే.

"మామ్మగారూ, మీరు ఊరికే పెడల్ మీద కాలేసుకుని కూర్చోండి. మేం లాగేత్తాంగా!" అన్నాడు వెనక సైకిల్ మీది పేరయ్య. పాత పేర్ల మోజు మళ్ళీ వచ్చిన కాలమది. ఇరవయ్యేళ్ళ కుర్రాడు పేరయ్య, అరవై దాటినావిడ లాస్య. మిగతా ముగ్గురూ పేరయ్య ఈడువాళ్ళే.

లాస్య నవ్వేసింది గానీ ఆ మాట మనసులో గుచ్చుకుంది. ఆవిడ ముత్తాత ఈ గట్టు మీదే భుజాన తాడేసుకుని సరుకు పడవలు లాగాడు. అదే గట్టును తన కాళ్ళతో తొక్కాలని, మోకాలి ఆపరేషనయ్యాక ఏడాదిపాటు పట్టుబట్టి సాధన చేసింది. తీరా బయల్దేరబోతే, శ్రమతాడు లేకుండా గడప దాటనివ్వనని కూతురు భీష్మించుకు కూర్చుంది.

ఆ తాడు కంటికి కనబడదు. బలమున్నవాళ్ళ తొక్కుడు తీసి లేనివాళ్ళకు పంచుతుంది. ఎవరిది ఎవరికి పోతోందో మాత్రం చెప్పదు. ఎవరూ చిన్నబుచ్చుకోకూడదని, తయారు చేసినవాళ్ళే అలా ఏర్పాటు చేశారు.

కడియం పూలతోటలు దాటాక ఎదురుగాలి అందుకుంది. పెడల్ బరువెక్కింది. తాడుండగానే ఇంత బరువైతే, లేకపోతే తన గతేమిటి? పాపం, ఆ పిల్లలకి గుదిబండనయ్యానని లాస్యకు సిగ్గేసింది.

అంతలో దీపాలు ఆరిపోయాయి.

"తాడు తెగిపోయిందండోయ్!" అని పేరయ్య కేకేశాడు.

ఇక పెడల్ కదలదనుకుని లాస్య ఉన్న శక్తంతా కూడదీసుకుని తొక్కింది. సైకిల్ రివ్వున దూసుకుపోయింది. తడబడి, బ్రేకు వేసి వెనక్కి చూసింది. నలుగురూ గాలికి ఎదురు తొక్కలేక ఎక్కడివాళ్ళక్కడే ఆగిపోయారు. పేరయ్య సైకిల్ దిగి రొప్పుతూ నెట్టుకొస్తున్నాడు.

ఇంతసేపూ లాగింది తనేనా! లాస్యకు ఒళ్ళు పులకరించింది, కళ్ళు చెమ్మగిల్లాయి. ఎవరూ సిగ్గుపడకూడదని లెక్క దాచిన ఆ తయారీవాళ్ళు, గర్వపడే వీలు కూడా దాచేశామని అనుకోనేలేదు.

దీపాలు మళ్ళీ మిణుకుమన్నాయి. ఒకసారి తెగాక, మీట నొక్కితేనే తాడు మళ్ళీ పడుతుంది.

"మీరెళ్ళిపోండి మామ్మగారూ," అన్నాడు పేరయ్య తలొంచుకుని. "మీకింక మాతో పనేంటండి?"

"పడవని నడికాలవలో వదిలేసి పోయే వంశం కాదురా మాది. సైకిలెక్కు!"

లాస్య మీట నొక్కింది. పెడల్ మీదికి నలుగురి బరువూ వచ్చి చేరింది. ఈసారి అది ఎవరి బరువో ఆవిడకు తెలుసు. భుజం కాస్త ముందుకు వంచి లాగింది.